మణికట్టు దారిలోని మూగనష్టము

అంగుష్ఠమూలమున మూడు వ్రేళ్లుంచి నాడి చూచుట మన నాట వైద్యులకు తరతరములుగా వచ్చుచున్న అలవాటు. ఆ వ్రేళ్లక్రింద కొట్టుకొనునది ముంజేతిలో బొటనవ్రేలి వైపున నడచు రేడియల్ ధమని. చర్మమునకు మిక్కిలి చేరువగా, ఎముకమీద ఆనియుండుటచేత అది స్పర్శకు ఎంత సులభముగా అందునో సూదికిని అంత సులభముగానే అందును. దాని లోపలి వ్యాసము పెద్దవారిలో సాధారణముగా రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు. ఇంతటి సన్నని నాళమును ద్వారముగా చేసికొని, మోచేతిని, భుజమును, మెడక్రింది మలుపును దాటి, మహాధమనిలో దిగి, గుండెకు రక్తము నిచ్చు కరోనరీ ధమనుల ముఖములను చేరుట నేటి కాథ్‌ల్యాబులలో నిత్యకృత్యమైనది. "యాంజియో చేతినుండి చేస్తారా, తొడనుండి చేస్తారా?" అని రోగి బంధువులే వైద్యుని అడుగుచున్నారు. చేతినుండి అని విన్నంతనే వారి ముఖములలో కొంత ఊరట కనబడును. ఆ ఊరట న్యాయమైనదే. కాని చేతి దారిలో ప్రమాదమే లేదనుకొనుట మాత్రము న్యాయము కాదు. తొడలో కలుగు నష్టము చాలవరకు నెత్తురు రూపమున ఎప్పుడో ఒకప్పుడు తెలియును; మణికట్టులో కలుగు నష్టములలో మిక్కిలి తరచైనది రోగికి నొప్పి నీయక, వైద్యుని కంటబడక, లెక్కలకెక్కక పోవును. ఈ అధ్యాయమున ప్రధానముగా చెప్పదలచినది దానిని గూర్చియే.

ధమనులలోనికి గొట్టమును నడపు విద్య మొదట చేతినే ఆశ్రయించినది. స్వీడను దేశమునందు రాడ్నర్ అను వైద్యుడు 1948లోనే రేడియల్ ధమనిద్వారా మహాధమనిని ఎక్స్‌రేలో చూపుటకు యత్నించెను. అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరమున మేసన్ సోన్స్ 1958లో కరోనరీ ధమనులలోనికి నేరుగా రంగుమందు పంపి వాని చిత్రములను తీయగలిగినప్పుడు ఆయన ఎన్నుకొన్న మార్గము మోచేతి ధమని. అయితే 1953లో సెల్డింగర్ సూదిద్వారా తీగను, తీగమీదుగా గొట్టమును ఎక్కించు ఉపాయమును కనిపెట్టినమీదట, 1967లో జడ్కిన్స్ తొడనుండి కరోనరీలకు సరిగా పోవునట్లు వంకరలు తీర్చిన కాథెటర్లను సిద్ధపరచినమీదట, వైద్యలోకమంతయు తొడవైపు మరలినది. తొడధమని విశాలమైనది, తిన్ననైనది, పెద్ద పరికరములను సైతము అనాయాసముగా రానిచ్చునది. దాని దోషమెల్ల మూయుటలో నున్నది. సూది కొంచెము పైకి గ్రుచ్చుకొన్నచో కారిన రక్తము చర్మముక్రింద కనబడక పొత్తికడుపు వెనుకనున్న చోటులోనికి పోవును. అచ్చట లీటర్లకొలది నెత్తురు చేరువరకు పైకి ఏమియు తెలియకపోవచ్చును. రక్తపుపోటు పడిపోవుటయే తొలి సూచన యగును.

స్టెంటులు వచ్చిన తొలి దినములలో ఈ దోషము దుర్భరమైనది. స్టెంటు అను ఆ లోహపు జాలికలో రక్తము గడ్డకట్టకుండ రోగులకు బలమైన మందులను కలిపి యిచ్చెడివారు. ఫలితముగా తొడగాయము తెరచుకొని నెత్తురోడుట సామాన్యమయ్యెను. కెనడాలోని మాంట్రియల్ హార్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో లూసియెన్ కాంపో 1989లో నూరుగురు రోగులకు మణికట్టుద్వారా కరోనరీ చిత్రణము జరిపిన వృత్తాంతమును ప్రకటించెను. గుండెనొప్పి తీవ్రతను నాలుగు తరగతులుగా విభజించి నేటికిని వైద్యులు వాడుచున్న కొలమానమును రచించినవాడును ఆయనయే. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఫెర్డినాండ్ కీమెనే 1992లో అదే దారిని చికిత్సకు వాడి, అనతికాలములోనే స్టెంటును సైతము ఆ దారినే పంపెను. ధమని చిన్నది, ఎముకమీద నున్నది, బొటనవ్రేలితో నొక్కిన ఆగునది. ఆయనను ఆకర్షించిన గుణములివి.

చేతిదారి సురక్షితమను ఆ ఊహ సత్యమని పెద్ద పరీక్షలు నిరూపించినవి. 2011లో ప్రకటితమైన రైవల్ పరీక్షలో 32 దేశములకు చెందిన 7,021 మంది రోగులను చీట్లు వేసినట్లు రెండుగా విభజించి, కొందరికి చేతినుండి, కొందరికి తొడనుండి చికిత్స చేసిరి. రక్తనాళమునకు కలిగిన పెద్ద హానులు తొడవారిలో నూటికి 3.7 కాగా చేతివారిలో 1.4 మాత్రమే. 2015లో వెలువడిన మాట్రిక్స్ పరీక్షలో 8,404 మంది పాల్గొనిరి. అందు మరణములు తొడవైపు నూటికి 2.2, చేతివైపు 1.6. కావున గుండెపోటుతో వచ్చిన రోగికి అనుభవజ్ఞుడైన వైద్యుడు మణికట్టునే ముందుగా చూడవలెనన్నది నేటి నిబంధన. ఈ అధ్యాయములో ముందు చెప్పబోవు కష్టములన్నింటిని ఈ లెక్కల నీడలో నిలిపి చదువవలెను. చేతిదారి వద్దని చెప్పుటకు వీనిలో నొక్కటియు చాలదు. చేతిదారిని మరింత శ్రద్ధతో నడువవలెనని చెప్పుటకు అన్నియు చాలును.

మొదటి కష్టము ధమని బిగిసికొనుట. రేడియల్ ధమని గోడలో నునుపు కండరము దట్టముగా నుండును. భయము, నొప్పి కలిగినప్పుడు దేహములో వెలువడు ఎడ్రినలిన్ వంటి రసములకు ఆ కండరము వెంటనే స్పందించి ముడుచుకొనును. ధమని సన్ననైన వారిలో, ముఖ్యముగా స్త్రీలలో, ఇది ఎక్కువ. బల్లమీద పడుకొన్న రోగి "చేయి లాగుచున్నదమ్మా" అని ప్రక్కనున్న నర్సుతో అన్నప్పుడు దానిని అల్పమైన ఫిర్యాదుగా త్రోసివేయరాదు. గొట్టమును ధమని పట్టుకొనుచున్నదని యంత్రములకంటె ముందు తెలిపెడి వార్త యది. రోగికి మత్తునిచ్చి ఊరడించుట, నైట్రోగ్లిసరిన్, వెరాపమిల్ వంటి మందులను ధమనిలోనికే ఎక్కించుట, గొట్టమునకు నీరు తగిలిన జారెడి పూత పూయుట దీనికి విరుగుడులు. 2006లో ప్రచురితమైన ఒక పరీక్షలో ఏ మందును ఈయనివారిలో నూటికి 22 మందికి ధమని బిగియగా, రెండు మందులను కలిపి యిచ్చినవారిలో అది నూటికి 5కు దిగినది. కాథెటర్ కదలక చిక్కుకొన్నప్పుడు బలముగా లాగుట మహాపరాధము. ధమని లోపలి పొర గొట్టమునంటి చీరుకొనివచ్చిన ఉదంతములు వైద్యగ్రంథములలో కలవు. అట్టి సమయమున చేయిని వెచ్చచేసి, మందు మరల నిచ్చి, ఓపికపట్టి, అప్పటికిని వదలనిచో మత్తువైద్యుని పిలిచి చేతినరములకే మత్తు నిచ్చి సడలింపవలెను.

రెండవ కష్టము దారి వంకరలది. ప్రకృతి అందరి చేతిని ఒకే అచ్చున పోయలేదు. ఇంగ్లండులో 1,540 మంది చేతులను ఎక్స్‌రేలో పరిశీలించిన ఒక అధ్యయనమున నూటికి 13.8 మందిలో రేడియల్ ధమని నిర్మాణము మామూలుకంటె భిన్నముగా నుండెను. కొందరిలో అది మోచేతికి చాల పైననే విడివడి సన్ననై దిగును. కొందరిలో మోచేతిదగ్గర ఉంగరమువలె పూర్తిగా చుట్టు తిరుగును. నిర్మాణము మామూలుగ నున్నవారిలో ప్రయత్నము విఫలమైనది నూటికి ఒకటికంటె తక్కువ; భిన్నముగ నున్నవారిలో 14; ఉంగరమున్నవారిలో 37. తీగ ముందుకు పోనప్పుడు కొంచెము రంగుమందు నెక్కించి దారి చూచుకొనక, చేతిబలముతో త్రోయువాడు తీగను ప్రక్కకొమ్మలోనికి పంపి దానిని చీల్చును. ఆ చీలిక సూది గ్రుచ్చినచోట కాక, పైన ముంజేతి నడుమ నుండును గనుక మణికట్టున ఎంత బిగించి కట్టినను ఆ నెత్తురు ఆగదు.

ఇక్కడ కొంచెము నిలిచి చూడవలెను. ముంజేతి కండరములు సాగని గట్టిపొరల గదులలో నమరియున్నవి. లోపల రక్తము చేరిన కొలది ఆ గదిలో ఒత్తిడి పెరిగి, తుదకు చిన్న రక్తనాళములు నొక్కుకొనిపోయి, కండరమునకును నరమునకును ప్రాణవాయువు అందని స్థితి కలుగును. కొన్ని గంటలలో గది గోడను కోసి ఒత్తిడి తగ్గింపనిచో చేయి శాశ్వతముగా వంకరపోవచ్చును. అదృష్టవశమున ఇది అత్యంత విరళము. కెనడాలోని క్విబెక్‌లో 50 వేలకు పైగా జరిగిన చికిత్సలను గణింపగా ఇద్దరిలో మాత్రమే కనబడినది. ఈ విరళత తనంత తాను వచ్చినది కాదు. మంచి ఆసుపత్రిలో నర్సు మణికట్టు కట్టును మాత్రమే చూచి ఊరకొనక, మోచేతివరకు తడిమి చూచును. మెత్తగా నుండవలసిన ముంజేయి గట్టిపడినట్లు తోచినచో వెంటనే రక్తపుపోటు కొలిచెడి పట్టీని ఆ చోట చుట్టి, గాలి నింపి, కొన్ని నిమిషములు నొక్కియుంచి, మధ్య మధ్య వదలుచుండును. ఇంటికి పోయిన రోగియు ఒక సంగతి నెరుగవలెను. చర్మము నీలిరంగు దాల్చుట భయపడదగినది కాదు. కాని చేయి బిరుసెక్కి, వ్రేళ్లను చాపినప్పుడు సహింపరాని నొప్పి వచ్చి, తిమ్మిరి పెరుగుచుండినచో తెల్లవారువరకు ఆగక ఆసుపత్రికి పోవలెను. ధమనిగోడ ఉబ్బి బుడగ కట్టుట, ధమనికిని సిరకును దారి కలియుట, గాయము చీముపట్టుట వంటివి సైతము కలవు గాని అవి కొద్ది. వెదకిన దొరకును, దొరికిన నయమగును.

ఇక మూగనష్టము. పని ముగిసి, షీత్ అను గొట్టమును తీసివేసి, కట్టు కట్టి, మరునాడు రోగిని ఇంటికి పంపినపిదప ఆ మణికట్టున నాడి కొట్టుకొనకపోవచ్చును. ధమని మూసికొని పోయినది. ఆశ్చర్యమేమనగా రోగి దానిని ఎరుగడు. చేయి చల్లబడదు, రంగు మారదు, కలము పట్టుట మానదు. ఏలయన అరచేతికి రెండు ధమనులున్నవి. చిటికెనవ్రేలి వైపునుండి అల్నార్ ధమని వచ్చి, అరచేతిలో రేడియల్ ధమనితో విల్లువలె కలిసికొనును. ఒకే చెరువునకు రెండు కాలువలున్న ఊరిలో ఒక కాలువ పూడిపోయినను రైతునకు నీటికొరత తెలియనట్లు, వ్రేళ్లకును రక్తపుకొరత తెలియదు. ఈ కలయిక సరిగా నున్నదా యని ముందే తెలిసికొనుటకు చాలకాలము ఎడ్గర్ అలెన్ 1929లో వేరొక వ్యాధి నిమిత్తము చెప్పిన పరీక్షను వాడిరి. రోగిచేత పిడికిలి బిగింపజేసి, రెండు ధమనులను నొక్కి, తెల్లబడిన అరచేతిని తెరపించి, అల్నార్ వైపు వదలినప్పుడు ఎఱుపు ఎంతసేపటికి వచ్చునో చూచుటయే అది. ఆ పరీక్షలో తప్పినవారికి చేతిదారి నిషిద్ధమని తలచిరి. అయితే 2014లో వెలువడిన యొక పరిశోధనలో పరీక్షలో నెగ్గినవారి, తప్పినవారి బొటనవ్రేళ్లనుండి చికిత్సాసమయమున నెత్తుటిబొట్లు తీసి, ప్రాణవాయువు లోపించినప్పుడు పెరుగు లాక్టేటును కొలువగా, ఇరువురి నడుమ భేదము కనబడలేదు. చేయి మనము తలచినదానికంటె సమర్థమైనది. ఆ సామర్థ్యమే మన అజాగ్రత్తను కప్పిపుచ్చుచున్నదని నా నమ్మకము.

ఈ మూత ఎంత తరచు? 2016లో 66 అధ్యయనములను, 31 వేలకు పైబడిన రోగులను కూర్చి లెక్కించినప్పుడు మొదటి 24 గంటలలో నూటికి 7.7, వారము దాటినపిదప 5.5 అని తేలినది. కాని ఒక్కొక్క అధ్యయనమున ఆ సంఖ్య ఒకటికి లోపునుండి 33 వరకు మారుచున్నది. ఇంతటి వ్యత్యాసము రోగుల ధమనులలో నుండజాలదు. వైద్యుల అలవాటులలో నుండవలెను. ఈ యొక్క సంగతియే నష్టము చాలవరకు నివార్యమని చెప్పుచున్నది.

కారణములు మూడింటిని విడదీసి చూడవచ్చును. ఒకటి గొట్టము లావు. జపానునకు చెందిన షిగెరు సైతో 1999లో ధమని లోవ్యాసమును షీత్ వెలివ్యాసముతో పోల్చి చూపెను. ధమని పెద్దదై గొట్టము చిన్నదైనవారిలో ప్రవాహము బాగుగా తగ్గినది నూటికి 4. గొట్టమే పెద్దదైనవారిలో 13. సామాన్యముగా వాడెడి 6 ఫ్రెంచి షీత్ వెలివ్యాసము సుమారు రెండున్నర మిల్లీమీటర్లు గనుక సన్నని చేతులుగల స్త్రీలలో ఈ లెక్క తరచు తప్పును. గొట్టము ఒరసికొనుటవలని గాయము మన ఊహకు మించినది. 2010లో కాంతికిరణములతో ధమని లోపలి గోడను చూచిన వైద్యులకు మూడింట రెండు ధమనులలో లోపలి పొర చిరిగి కనబడినది. రెండవది రక్తము గడ్డకట్టనీయని మందైన హెపారిన్. స్పాల్డింగ్, సహచరులు 1996లో ప్రకటించిన లెక్కలు చదువునపుడు నేటికిని ఒళ్లు జలదరించును: హెపారిన్ ఈయనివారిలో ధమని మూసికొన్నది నూటికి 71, రెండు మూడువేల యూనిట్లు పొందినవారిలో 24, ఐదువేలు పొందినవారిలో 4.3. కేవలము చిత్రణమే గదా యని మందు నీయక వదలుట ఎంత ప్రమాదమో ఇంతకంటె స్పష్టముగా చెప్పజాలము.

మూడవది కట్టు. నా దృష్టిలో అన్నిటికంటె ముఖ్యమైనదియు, అందరిచేతను ఉపేక్షింపబడునదియు నిదియే. గుండెలోని పని ముగియగనే కాథ్‌ల్యాబులోని ఉత్సాహమంతయు చల్లారును. పెద్దడాక్టరు చేతితొడుగులు విప్పి తరువాతి రోగివైపు పోవును. కట్టు కట్టుట చిన్నవారి పాలబడును. నెత్తురు ఒక్కబొట్టయిన రాకూడదను భయముతో వారు బిగించి కట్టుదురు. బిగించిన కట్టు నెత్తురు నాపును, దానితోపాటు ధమనిలోని ప్రవాహమును సైతము ఆపును. గాయపడిన గోడ, నిలిచిన రక్తము, గడియలకొలది ఒత్తిడి, ఇవి కలిసినచోట గడ్డకట్టుట రక్తమునకు సహజధర్మము. 2008లో సమీర్ పంచోలీ మరియు సహచరులు దీనికి సరళమైన మార్గమును పరీక్షించిరి. నేడు దానిని ఇట్లు చేయుదురు: పారదర్శకమైన పట్టీని మణికట్టునకు చుట్టి, సిరంజితో గాలి నింపి, షీత్‌ను తీసివేయుదురు. రోగి బొటనవ్రేలికో చూపుడువ్రేలికో ఆక్సిజను కొలిచెడి చిన్న క్లిప్పును పెట్టి, చిటికెనవ్రేలివైపు అల్నార్ ధమనిని వ్రేలితో నొక్కి, తెరమీది అలను చూతురు. అల చదునైనచో రేడియల్ ధమని పూర్తిగా మూతబడియున్నదన్నమాట. అప్పుడు సిరంజితో గాలిని మెల్లమెల్లగా వెనుకకు తీయుదురు. తెరమీద అల మరల తలయెత్తవలెను, గాయమునుండి నెత్తురు కారకుండవలెను. ఆ రెండును కూడిన చోట ఆపి పట్టీని వదలుదురు. 436 మందిని రెండుగా విభజించిన ఆ పరీక్షలో 24 గంటలనాటి మూతలు మామూలు కట్టువారిలో నూటికి 12 కాగా, ప్రవాహము ఆగని కట్టువారిలో 5; నెలనాటివి 7 కాగా 1.8. ఇందుకు పట్టు కాలము కొన్ని నిమిషములు. వలసిన సామగ్రి ప్రతి వార్డులోను ఉన్నది.

రోగికి బాధలేని మూతకు ఇంత శ్రమ యేల యని అడుగువారు కలరు. ఆ ధమని వలన రోగికి ఇంకను పనులున్నవి. గుండెజబ్బు ఒక్కపర్యాయముతో తీరునది కాదు. ఐదేండ్లకో పదేండ్లకో మరల యాంజియో అవసరమైనప్పుడు మూసికొనిన దారి తరచు అక్కరకు రాదు, రోగి మరల తొడవైపు పోవలసిరావచ్చును. బైపాస్ శస్త్రచికిత్స వచ్చినచో, ఫ్రెంచి వైద్యుడు కార్పెంటియే 1970ల ఆరంభమున చూపినట్లు, రేడియల్ ధమనినే తీసి గుండెకు అతుకవచ్చును. గొట్టము దూరి గాయపడిన ధమని ఆ పనికి తగదు. అన్నిటికంటె నన్ను కలతపెట్టునది మూత్రపిండముల రోగుల సంగతి. 1966లో న్యూయార్క్‌లో బ్రెషియా, సిమినో మరియు సహచరులు మణికట్టువద్ద ఈ ధమనిని ప్రక్కనున్న సిరతో కలిపి డయాలిసిస్ సూదులకు వీలగు దారిని నిర్మించిన వృత్తాంతమును ప్రకటించిరి. నేటికిని అట్టి కలయికయే మన్నికైనదిగా ఎన్నబడుచున్నది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానమునందు కారణము తేలని మూత్రపిండ వ్యాధితో వేలకుటుంబములు క్రుంగుచున్నవి. అచ్చటివాడొకడు ఛాతినొప్పితో ఆసుపత్రికి వచ్చినప్పుడు మూత్రపిండముల స్థితిని తెలుపు క్రియాటినిన్ చూడకుండ అతని మణికట్టున సూది గ్రుచ్చువాడు, ఈనాటి గుండెకు మేలుచేయుచు, రేపటి డయాలిసిస్ దారిని మూయుచున్నవాడు. మధుమేహముతో మూత్రపిండములు బలహీనపడుచున్నవారి విషయమును ఇట్టిదే. అట్టివారికి తొడయే మేలగు సందర్భములు కలవు. చేతినే ఎన్నవలసివచ్చినచో ఎక్కువగా వాడని చేతిని డయాలిసిస్ నిమిత్తము విడిచిపెట్టవలెను.

ఇటీవల ద్వారమునే కొంత క్రిందికి జరుపు యత్నము జరుగుచున్నది. బొటనవ్రేలిని వెనుకకు చాచినప్పుడు దాని మొదట, మణికట్టు వెలుపలి అంచున చిన్న గుంట యేర్పడును. రేడియల్ ధమని కొమ్మలిడి ఆ గుంటలోనుండి పోవుచుండును. అక్కడ సూది గ్రుచ్చినచో, అది మూసికొనినను ముంజేతి ధమనిలో ప్రవాహము నిలువకుండ ఇతర కొమ్మలు దానిని నడపును. రష్యాలో బాబునాష్విలీ ఈ చోటును మూసికొనిన ధమనులను తెరచుటకు వాడెను; 2017లో కీమెనేయే దీనిని సామాన్య మార్గముగా ప్రతిపాదించెను. ధమని అచ్చట ఇంకను సన్ననిది, పట్టుట కష్టము. 2022లో ప్రకటితమైన డిస్కో రేడియల్ పరీక్షలో 1,307 మందిని విభజించి రెండు దారులను పోల్చిరి. గుంటదారిలో ముంజేతి ధమని మూసికొన్నది నూటికి 0.31, మామూలు మణికట్టుదారిలో 0.91, ఆ భేదము గణితరీత్యా నిలువలేదు. పరీక్షకులు పాత దారివారికి సైతము సన్నని షీత్, తగిన హెపారిన్, ప్రవాహము ఆగని కట్టు అన్నింటిని నియమముగా పెట్టియుండిరి. నూటికి ఐదుగను ఏడుగను నుండిన మూత ఆ పాత ద్వారములోనే ఒకటికి లోబడినది.